టీఎంసీకి మీటరుకు 77 వేల యూనిట్లు

వానలు మొదలైతే చాలు, తెలుగు పత్రికల్లో ఒక చిన్న పట్టిక రోజూ ప్రత్యక్షమవుతుంది. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు, నాగార్జునసాగర్ 590 అడుగులు. పక్కనే ఆ రోజు మట్టం, నిల్వ, ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో. నారు పోసుకోవచ్చా లేదా అన్నది రైతు అందులో వెతుక్కుంటాడు. పక్క రాష్ట్రం ఎంత పట్టుకుపోతోందో నాయకుడు చూస్తాడు. ఇంటర్ మొదటి ఏడాది ‘పని, శక్తి, సామర్థ్యం’ పాఠం చదివి, పరీక్షలో ఎంజీహెచ్ అని రాసి మార్కులు తెచ్చుకున్న లక్షల మందికి మాత్రం అక్కడ అచ్చయింది తమ పాఠమేనని తట్టదు. పట్టికలోని టీఎంసీలు ద్రవ్యరాశి, అడుగులు ఎత్తు. గురుత్వ త్వరణంతో కలిపి గుణిస్తే వచ్చేది స్థితిజ శక్తి. తట్టకపోవడానికి కారణం వాళ్ల తెలివిలో లేదు, మనం నేర్పే తీరులో ఉంది. స్థితిజ శక్తిని వస్తువుకు ఉండే గుణంగా, శక్తి నిత్యత్వాన్ని కంఠతా పట్టాల్సిన వాక్యంగా చెబుతున్నాం. నిజానికి మొదటిది రెండు స్థితుల మధ్య తేడా. రెండోది, ఎక్కడ హద్దు గీసుకున్నామో ముందే చెప్పి రాయాల్సిన జమాఖర్చు. ఈ రెండు సంగతులూ వదిలేసిన పాఠం పరీక్ష వరకు సరిపోతుంది, ఎత్తిపోతల మీద వాదనలో అక్కరకు రాదు. నదులు పల్లంలో, బీడు భూములు మెట్టలో ఉన్న రెండు రాష్ట్రాలకు అది చిన్న లోటు కాదు.

ముందు తేడా సంగతి చూద్దాం. 885 అడుగులంటే సముద్ర మట్టం నుంచి కొలిచిన ఎత్తు. శ్రీశైలం టర్బైన్‌కు సముద్రంతో పనిలేదు. నీరు ఎక్కడి నుంచి బయలుదేరి ఎక్కడికి చేరుతుందన్నదే దానికి కావాలి. దిగువన సాగర్ నిండుగా ఉంటే రెండు మట్టాల మధ్య మిగిలేది 295 అడుగులు, అంటే దాదాపు 90 మీటర్లు. సాగర్ వెనుక జలాలు తగ్గి టర్బైన్ల కింద నీటిమట్టం దిగిందనుకోండి, పైన ఒక్క చుక్క చేరకపోయినా అదే శ్రీశైలం నీరు ఇంకాస్త ఎక్కువ కరెంటు ఇస్తుంది. పైన జలాశయంలో ఏమీ మారలేదు, మారింది కిందనే. శక్తి పైనున్న నీళ్లలోనే దాగి ఉంటుందని నమ్మేవాడు దీన్ని వివరించలేడు. ఒకే రాయిని ఒకే ఎత్తుకు చంద్రుడి మీద ఎత్తితే దాని స్థితిజ శక్తి భూమి మీద ఉన్నదాంట్లో ఆరో వంతే. రాయి అదే, ఎత్తూ అదే. రాయిని లాగుతున్న జోడీ మారింది. అంటే ఈ శక్తి రాయిది కాదు, భూమిది కూడా కాదు, రెండూ కలిసిన వ్యవస్థది, వాటి అమరికది. సున్నాను ఎక్కడ పెట్టుకోవాలన్నది మన ఇష్టం: సముద్ర మట్టం దగ్గర పెట్టుకోండి, డ్యాం పునాది దగ్గర పెట్టుకోండి, మధ్యలో పెట్టుకుని కిందివాటికి రుణ సంఖ్యలు రాసుకోండి. తేడా మాత్రం కదలదు. పాఠ్యపుస్తకంలో ‘నిర్దేశ స్థాయి’ అన్న మాట ఎక్కడో ఒకచోట ఉంటుంది. కానీ ప్రతి లెక్కలోనూ నేలే సున్నా అయినప్పుడు, దాన్ని తామే ఎంచుకోవాలన్న సంగతి పిల్లలకు తెలిసే సందర్భమే రాదు.

ఇక అంకెల్లోకి వెళదాం. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, సుమారు 2.83 కోట్ల ఘనపు మీటర్లు. ఘనపు మీటరు నీరు ఒక టన్ను తూగుతుంది. ఆ 2.83 కోట్ల టన్నులను ఒక్క మీటరు ఎత్తాలంటే కావలసిన శక్తిని కరెంటు యూనిట్లలోకి మారిస్తే 77 వేల యూనిట్లు వస్తాయి. ఇది ఏ ప్రభుత్వమూ పెంచలేని, తగ్గించలేని అంకె. భూమి ఆకర్షణా నీటి బరువూ కలిసి నిర్ణయించినది. అదే నీరు అదే మీటరు దిగితే గరిష్ఠంగా దక్కేదీ అంతే. శ్రీశైలం నుంచి సాగర్‌లోకి 90 మీటర్లు దిగే ఒక్కో టీఎంసీలో సుమారు 69 లక్షల యూనిట్లున్నాయి. టర్బైన్ గుండా వెళితే అందులో పదింట తొమ్మిది వంతులదాకా కరెంటుగా మారుతుంది. వరద మరీ ఎక్కువై గేట్లెత్తితే ఒక్క యూనిట్టూ రాదు. గేట్లెత్తిన దృశ్యం చూడటానికి జనం కార్లలో ఘాట్ రోడ్డెక్కుతారు, టీవీలు డ్రోన్లు పంపుతాయి. ఆ నురగలో టీఎంసీకి 69 లక్షల యూనిట్లు ఎటు పోయాయని అడిగేవారుండరు. జవాబు మాత్రం ఖచ్చితంగా ఉంది: నీరు వేడెక్కింది. 90 మీటర్లు పడిన నీటి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్‌లో సుమారు ఐదో వంతు పెరుగుతుంది. చేయి పెడితే తెలియదు, మంచి థర్మామీటరు పెడితే తెలుస్తుంది.

ఆ ఐదో వంతు డిగ్రీ దగ్గరే శక్తి నిత్యత్వం పుట్టింది. ఇంగ్లండులో బీరు బట్టీల యజమాని కొడుకైన జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ 1840లలో బరువులను కిందికి వదిలి, వాటి తాడుతో నీళ్లలో తెడ్లు తిప్పించి, నీరు ఎంత వేడెక్కిందో పట్టుదలగా కొలిచాడు. 1850లో ఆయన ప్రకటించిన లెక్క ప్రకారం 772 అడుగులు పడిన నీరు ఒక డిగ్రీ ఫారన్‌హీట్ వేడెక్కాలి. అంతకుముందే 1842లో జర్మన్ వైద్యుడు మేయర్, తర్వాత 1847లో హెల్మ్‌హోల్ట్జ్ వేరే దారుల్లో ఇదే ముగింపుకు వచ్చారు. జౌల్ గొప్పతనం ‘శక్తి నశించదు’ అనడంలో లేదు. పోయిందనుకున్నదాన్ని పోయిన చోట వెతికి, కొలిచి, పద్దులో చేర్చడంలో ఉంది. మన తరగతి గదిలో ఈ క్రమం తలకిందులవుతుంది. ‘శక్తిని సృష్టించలేం, నాశనం చేయలేం’ అన్న వాక్యం మొదట వస్తుంది. ఆ వెంటనే ‘ఘర్షణను ఉపేక్షించండి’ అనే లెక్కలు వస్తాయి. ఘర్షణను ఉపేక్షిస్తే వేడి ఉండదు. వేడి లేకపోతే వెతకడానికి ఏమీ మిగలదు. ఎంజీహెచ్‌ను అర ఎంవీ స్క్వేర్‌కు సమానం చేసి వేగం రాబట్టడమే నిత్యత్వం అయి కూర్చుంటుంది.

దీని ఫలితంగా ఒక ప్రశ్న ప్రతి తరంలోనూ జవాబు లేకుండా మిగిలిపోతోంది. శక్తి నశించనప్పుడు పొదుపు చేయమని ఎందుకంటారు? తెలివైన పిల్లలే అడిగే ప్రశ్న ఇది. చాలా చోట్ల కసురు తప్ప జవాబు దొరకదు. స్పిల్‌వే కింద వెచ్చబడిన నీటిలో 69 లక్షల యూనిట్లూ ఉన్నాయి, ఒక్కటీ తగ్గలేదు. కానీ చుట్టూ ఉన్న నీటికంటే ఐదో వంతు డిగ్రీ మాత్రమే వెచ్చగా ఉన్న నీటితో మోటారు తిప్పలేం. మొత్తం అంతే ఉంది, పని చేయించుకునే వీలు పోయింది. ఈ రెండో సగం ఉష్ణగతిక శాస్త్రం పాఠంలో, పేరు మార్చుకుని వస్తుంది. అప్పటికి మొదటి సగం మరిచిపోతారు. రెండింటినీ ఒకే జలాశయం మీద, ఒకే వారంలో చెబితే ఇంత అయోమయం ఉండదు.

ఇప్పుడు ఇదే పద్దు పట్టుకుని పంప్డ్ స్టోరేజీ దగ్గరికి వెళదాం. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో 150 మెగావాట్ల రివర్సిబుల్ యూనిట్లు ఆరున్నాయి. సాగర్ ప్రధాన కేంద్రంలో 100.8 మెగావాట్లవి ఏడు. కరెంటు చవగ్గా ఉన్న వేళ నీటిని పైకి తోడి, గిరాకీ ఉన్న వేళ కిందికి వదలడం వీటి పని. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల కేంద్రాన్ని నదిని ఆశ్రయించకుండా, పైనొకటి కిందొకటి రిజర్వాయర్లు కట్టి, అదే నీటిని అటూ ఇటూ తిప్పేలా నిర్మించారు. ఇలాంటివి ఇంకా వస్తాయి, రావాలి కూడా. అయితే వార్తల్లోనూ ప్రకటనల్లోనూ ఈ మెగావాట్లను థర్మల్ కేంద్రాల మెగావాట్ల పక్కన పెట్టి కూడేయడం మామూలైపోయింది. 90 మీటర్ల తేడాలో ఒక టీఎంసీ దిగితే 62 లక్షల యూనిట్లు చేతికొస్తాయనుకుందాం. దాన్ని తిరిగి పైకి పంపడానికి పంపుల నష్టాలు కలుపుకుని 78 లక్షలు కావాలి. ఒక చుట్టు తిరిగేసరికి సుమారు ఐదో వంతు వేడి కిందే పోతుంది. పంప్డ్ స్టోరేజీ కేంద్రం కరెంటును పుట్టించదు, కరెంటును తింటుంది. ప్రతిగా వేళను మారుస్తుంది. మధ్యాహ్నం వృథాగా పోయే సౌర విద్యుత్తును సాయంత్రానికి దాచి ఇవ్వడం ఐదో వంతు నష్టానికి తగిన సేవే కావచ్చు. ‘మన రాష్ట్రం ఇన్ని వేల మెగావాట్లు అదనంగా ఉత్పత్తి చేస్తుంది’ అన్న ప్రసంగం మాత్రం ఇంటర్ మొదటి ఏడాది భౌతికశాస్త్రంలో తప్పిన వాక్యం.

కాళేశ్వరం ఎత్తిపోతల విషయంలో ఈ లోటు ఇంకా స్పష్టంగా బయటపడింది. 2019 జూన్ 21న ప్రారంభమైన ఈ పథకంలో మేడిగడ్డ బ్యారేజీ పూర్తి మట్టం 100 మీటర్లు, ఎల్లంపల్లి 148, మిడ్ మానేరు 318, మల్లన్నసాగర్ 557. ఈ నాలుగు అంకెలు చాలు. మేడిగడ్డ నుంచి మిడ్ మానేరుకు ఒక టీఎంసీ చేర్చాలంటే 218 మీటర్లు, అంటే ఎంత గొప్ప పంపులు పెట్టినా 1.68 కోట్ల యూనిట్లకు తగ్గదు. మల్లన్నసాగర్ దాకా 457 మీటర్లు, అంటే 3.5 కోట్ల యూనిట్లు. మోటార్లలో, పైపుల్లో, సొరంగాల్లో, ట్రాన్స్‌ఫార్మర్లలో పోయేదాన్ని కలిపి అయిదింట నాలుగు వంతులే పనికొస్తుందనుకుంటే అది 4.4 కోట్లవుతుంది. టీఎంసీ నీటితో పదివేల ఎకరాల ఆరుతడి పండుతుందన్నది సాగునీటి చర్చల్లో అందరూ వాడే మోటు లెక్క. దాని ప్రకారం మల్లన్నసాగర్ నీటితో పండే ఎకరానికి ఒక పంటకు 4,400 యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయలే అనుకున్నా 26 వేల పైచిలుకు. వరి వేస్తే నీరు ఎక్కువ కావాలి కనుక ఇంకా ఎక్కువ. ఇది కాంట్రాక్టుల లెక్క కాదు, అవినీతి లెక్క కాదు, అప్పుల వడ్డీ లెక్క కూడా కాదు. అవన్నీ వేరే. ఇది భూమి వసూలు చేసే సుంకం. లక్ష్మీపూర్ భూగర్భ పంపుహౌస్‌లోని 139 మెగావాట్ల మోటార్లకు ‘బాహుబలి’ అని పేరుపెట్టి మురిసిపోయాం. అంత పెద్ద మోటార్లు ఎందుకు కావాల్సి వచ్చాయన్న ప్రశ్నకు జవాబు వాటి గొప్పతనంలో లేదు, ఎక్కాల్సిన ఎత్తులో, సెకనుకు ఎత్తాల్సిన టన్నుల్లో ఉంది.

2023 అక్టోబరులో మేడిగడ్డ పిల్లర్లు కుంగాయి. అప్పటినుంచి కాళేశ్వరం మీద వాదన అంతా ఆ పిల్లర్ల చుట్టూ తిరుగుతోంది: ఇసుక కదిలిందా, డిజైను తప్పా, నాణ్యత లోపమా, ఎవరు సంతకం పెట్టారు. ఇవి తేలాల్సిన ప్రశ్నలే. కానీ పిల్లర్లను రేపు వజ్రాలతో కట్టినా 457 మీటర్లు 457గానే ఉంటాయి. బ్యారేజీ నిలబడితే పథకం గెలిచినట్టు, కుంగితే ఓడినట్టు రెండు పక్షాలూ మాట్లాడటం చూస్తుంటే, ఎత్తు అనేది ఎవరి పద్దులోనూ లేదని అనిపిస్తుంది. మేడిగడ్డకు బదులు ప్రాణహిత మీద తుమ్మిడిహట్టి దగ్గర బ్యారేజీ కట్టాల్సిందన్న వాదన మాత్రం కొంత దీనికి దగ్గరగా వస్తుంది. అక్కడ మొదట అనుకున్న బ్యారేజీ మట్టం 152 మీటర్లు, తర్వాత మహారాష్ట్రతో కుదిరింది 148. కాలువ వాలుకు పోయే ఎత్తును పక్కనపెట్టి చూస్తే, మేడిగడ్డ నుంచి ఎల్లంపల్లికి ఎక్కించాల్సిన 48 మీటర్లలో పెద్ద భాగం అక్కడి నుంచి తెచ్చుకుంటే తప్పేది. 48 మీటర్లంటే టీఎంసీకి 37 లక్షల యూనిట్లు. దీనికి ఎదురువాదన కూడా బలమైనదే: తుమ్మిడిహట్టి దగ్గర సరిపడా నీరు దొరకదని, మహారాష్ట్ర ముంపుకు ఒప్పుకోదని, మేడిగడ్డ దగ్గర ఇంద్రావతికి ఎగువనైనా ప్రాణహిత, గోదావరి రెండూ కలిసిన ప్రవాహం దొరుకుతుందని. సరే, మేడిగడ్డ దగ్గర నీరు ఎక్కువ, తుమ్మిడిహట్టి నుంచి ఎత్తాల్సింది తక్కువ. వీటిలో దేనికి ఎంత విలువ కట్టాలన్నది నిజమైన రాజకీయ ప్రశ్న. ఆ ప్రశ్న జనం ముందుకు ఈ రూపంలో ఎన్నడూ రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇదే తంతు. గోదావరి నీటిని పోలవరం నుంచి బనకచర్లకు తీసుకెళ్లే ప్రతిపాదన మీద హక్కులు, మిగులు జలాలు, ట్రైబ్యునళ్లు అంటూ కావలసినంత చర్చ జరిగింది. పోలవరం పూర్తి మట్టం 150 అడుగులని, బనకచర్ల అంతకు కొన్ని వందల అడుగుల పైన ఉందని, ఆ తేడాను మీటర్లలోకి మార్చి 77 వేలతో గుణిస్తే ఏమొస్తుందో చూద్దామని అన్నవాళ్లు అరుదు.

ఎత్తిపోతలను ఇలా యూనిట్లలో తూచడం మెట్ట ప్రాంతాల మీద చిన్నచూపు అని కొందరికి అనిపించవచ్చు. డెల్టా రైతుకు బ్రిటిష్ కాలం నాడే నీరు వాలుగా వచ్చింది, ఇప్పుడు ఎత్తున ఉన్నవాడి వంతు వచ్చేసరికి ఫిజిక్స్ పాఠం చెబుతున్నారా అని అడగవచ్చు. న్యాయమైన కోపమే. అయితే లెక్క చెప్పడం వేరు, వద్దనడం వేరు. తాగునీటికి 457 మీటర్లు కాదు, ఇంకా ఎక్కువైనా ఎత్తవచ్చు. మనిషి తాగే నీరు అంత తక్కువ. కరవు నేలకు ఒక పంట నీరివ్వడానికి ఎకరానికి 26 వేలు సమాజం భరించాలని నిర్ణయించుకుంటే అదీ తప్పు కాదు. చెరువులు నింపి భూగర్భ జలం పెంచడం వంటి ప్రయోజనాలూ ఉన్నాయి. కానీ అంత ఎత్తుకు చేర్చిన నీటితో వరి వేయాలా, ఆరుతడి వేయాలా, బిందుసేద్యం పెట్టాలా అన్నది ఎకరం యూనిట్లు తెలిసినవాడే సరిగ్గా ఆలోచించగలడు. లెక్క దాచిపెట్టడం వల్ల మెట్ట రైతుకు ఒరిగేదేమీ లేదు. బిల్లులు కట్టలేక పంపులు ఆగిన ఏడాది మొదట నష్టపోయేది అతనే.

మళ్లీ తరగతి గదికి వద్దాం, ఎందుకంటే తప్పు అక్కడ దిద్దడం చవక. 1987లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రొనాల్డ్ లాసన్, లిలియన్ మెక్‌డెర్మాట్ ఒక అధ్యయనం ప్రచురించారు. ఘర్షణ దాదాపు లేకుండా జారే రెండు బిళ్లలు, ఒకటి బరువు, ఒకటి తేలిక. రెండింటినీ ఒకే బలంతో ఒకే దూరం నెడితే దేనికి గతిజ శక్తి ఎక్కువ? చేసిన పని సమానం కనుక రెండింటికీ సమానమే. పాఠం పూర్తిచేసిన కాలేజీ విద్యార్థుల్లో చాలామంది ఈ మాటను సరైన కారణంతో సొంతంగా చెప్పలేకపోయారు. సూత్రం వాళ్లకు రాక కాదు, అది ఎక్కడ వర్తిస్తుందో తెలియక. 2008లో జాన్ జెవెట్ అనే ఆచార్యుడు ఇదే తికమక మీద ‘ది ఫిజిక్స్ టీచర్’ పత్రికలో వరస వ్యాసాలు రాసి, ఏ వ్యవస్థ గురించి మాట్లాడుతున్నామో ముందు చెప్పకపోవడం దీనికి ఒక ముఖ్య మూలమని చూపించాడు. మన దగ్గరా ఇదే కనిపిస్తుంది. కిందపడే బంతి లెక్కలో గురుత్వం చేసిన పనిని ఒకసారి, తగ్గిన స్థితిజ శక్తిని ఇంకోసారి కలిపి రెండింతల జవాబు తెచ్చేవాళ్లు కోకొల్లలు. హద్దు బంతి చుట్టూనే గీస్తే భూమి బయట ఉంది, అది పని చేస్తుంది, స్థితిజ శక్తి అన్న మాట పద్దులో ఉండదు. హద్దులోకి భూమిని తెస్తే స్థితిజ శక్తి ఉంటుంది, బయటి పని ఉండదు. రెండు పద్దులూ సరైనవే, కలిపి రాస్తేనే దొంగలెక్క. ఈ ఒక్క గంట పాఠం చాలామంది విద్యార్థులకు అందదు. అందకపోవడానికి కారణం లెక్చరర్ల బద్ధకం కాదు. ఎంసెట్‌లో, ఇప్పుడు దాన్ని ఏ పేరుతో పిలిచినా, 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు దాటాలి. ప్రశ్నకు నిమిషం దొరికే చోట హద్దు ఎక్కడ గీయాలని ఆలోచించేవాడు వెనకబడతాడు. ఎంజీహెచ్ చూడగానే వేళ్లు కదిలించేవాడు ర్యాంకు కొడతాడు.

పదిహేనేళ్ల పిల్లలకు వ్యవస్థ, హద్దు వంటివి బరువవుతాయని, ముందు సులువుగా ఎంజీహెచ్ చెప్పి తర్వాత సవరించుకోవచ్చని అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులే అంటారు. సులువుగా మొదలుపెట్టడం మీద నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ ‘తర్వాత’ ఎప్పుడు వస్తుంది? తొమ్మిదో తరగతిలో ‘పని - శక్తి’ చదివిన విద్యార్థి ఇంటర్‌లో బైపీసీకో ఎంపీసీకో వెళితే అదే లెక్కలు ఇంకాస్త వేగంగా చేస్తాడు. సీఈసీ, హెచ్‌ఈసీ తీసుకుంటే భౌతికశాస్త్రం అక్కడితో సరి. రేపు సర్పంచి, జర్నలిస్టు, జిల్లా పరిషత్ సభ్యుడు, మంత్రి అయ్యేవాళ్లలో చాలామందికి తొమ్మిదో తరగతి పాఠమే ఆఖరుది. వాళ్లకు సగం చెప్పి వదిలేస్తే మిగతా సగం ఎవరూ చెప్పరు. పైగా కొట్టులో కూర్చునే పిల్లవాడికి ఎవరి ఖాతా, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది చెప్పకుండా నిల్వ లెక్క రాయకూడదని తెలుసు. అంతకంటే కష్టమైనది ఇందులో ఏమీ లేదు. విశ్వం మొత్తానికి ఒకే శక్తి పద్దు రాయడం కుదరదని సాధారణ సాపేక్ష సిద్ధాంతం చదివినవాళ్లు గుర్తుచేస్తే అదీ నిజమే. దానికీ లక్ష్మీపూర్ పంపులకూ ఏ సంబంధమూ లేదు కాబట్టి ఆ చర్చను ఎమ్మెస్సీకి వదిలేద్దాం.

పద్దు రాయడం ఎందుకు ముఖ్యమో చెప్పే గొప్ప సంఘటన ఇరవయ్యో శతాబ్దంలో ఉంది. బీటా క్షయంలో కేంద్రకం నుంచి వచ్చే ఎలక్ట్రాన్ల శక్తి లెక్కకు అందలేదు. ప్రతిసారీ ఎంతో కొంత తక్కువ పడింది. అక్కడ నిత్యత్వం చెల్లదేమో అని నీల్స్ బోర్ అంతటివాడే సిద్ధపడ్డాడు. వోల్ఫ్‌గాంగ్ పౌలి 1930లో, కంటికి చిక్కని ఇంకో కణం ఆ తేడాను పట్టుకుపోతోందని అన్నాడు. 1956లో కోవన్, రీన్స్ ఒక అణు రియాక్టరు దగ్గర ఆ న్యూట్రినోను పట్టుకున్నారు. లెక్క తప్పితే లెక్కను అనుమానించకుండా, రాయని ఖర్చు ఎక్కడుందని వెతకడం ఈ నియమం ఇచ్చిన అలవాటు. ఈ అలవాటు లేని చోట మోసానికి బేరం బాగుంటుంది. పారిస్ శాస్త్ర అకాడమీ 1775లోనే శాశ్వత చలన యంత్రాల దరఖాస్తులు ఇక చూడమని ప్రకటించింది. రెండున్నర శతాబ్దాల తర్వాత కూడా మోటారు జనరేటరును, జనరేటరు మోటారును తిప్పి మిగిలిన కరెంటుతో బల్బు వెలిగించే వీడియోలు మన ఫోన్లలో వస్తూనే ఉన్నాయి. నీళ్లు పోస్తే నడిచే బండ్ల వార్తలూ అంతే. నీరంటే అప్పటికే మండిపోయిన హైడ్రోజన్. మళ్లీ మండించాలంటే ముందు విడగొట్టాలి, విడగొట్టడానికి కనీసం మండితే వచ్చినంత పెట్టుబడి పెట్టాలి. అది కూడా స్థితిజ శక్తే, అణువుల అమరికలోని తేడా. పాఠంలో కొండ మీది రాయి దగ్గర ఆగిపోకుండా ఇక్కడిదాకా వచ్చి ఉంటే ఆ వీడియోలకు అన్ని లైకులు పడేవి కావు.

పరీక్షలో చేయాల్సిన మార్పు పెద్దది కాదు. శక్తి పాఠం నుంచి వచ్చే ప్రశ్నల్లో కనీసం ఒకటి జలాశయాల పట్టిక ఇచ్చి అడిగేది కావాలి: ఇంత నీరు, ఈ మట్టం నుంచి ఆ మట్టానికి, ఇంత సామర్థ్యం ఉన్న పంపుతో, మీరు తీసుకున్న వ్యవస్థ ఏది, వేడిగా పోయింది ఎంత. పబ్లిక్ పరీక్షలో నాలుగు మార్కులు పెడితే గైడ్లు రాసేవాళ్లే మిగతా పని చేసిపెడతారు. ఇలాంటి ప్రశ్నలు తరగతిలోకి రాజకీయాలు తెస్తాయని భయపడేవాళ్లు ఏ ప్రాజెక్టు పేరూ లేకుండా అడగవచ్చు. మట్టాలు చూస్తే అది ఏదో పిల్లలే పోల్చుకుంటారు. ఇంజినీర్లు ఎలాగూ లెక్కవేస్తారు కదా, జనానికి ఎందుకన్నది ఇంకో మాట. ఇంజినీర్లు లెక్కవేశారు, నిజమే. డీపీఆర్‌లలో హెడ్, డిశ్చార్జి, విద్యుత్ అవసరం అన్నీ ఉంటాయి. కానీ ఆ ఇంజినీరుకు ప్రశ్న వేసేది శాసనసభ, శాసనసభకు ప్రశ్న వేసేది ఓటరు. అడగడం రానివాడికి నివేదికలో ఏమున్నా ఒకటే.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం కొత్తది. సౌర విద్యుత్తు చవగ్గా వస్తోంది, మధ్యాహ్నం పూట మిగిలిపోతోంది, ఆ కరెంటుతో తోడితే ఎత్తిపోతల ఖర్చు సమస్యే కాదు కదా అంటున్నారు. దీన్ని తోసిపుచ్చలేం. యూనిట్ల సంఖ్య మారకపోయినా యూనిట్ ధర నిజంగా పడిపోవచ్చు, అప్పుడు ఎకరానికి 26 వేలు అన్న నా అంచనా సగానికి దిగవచ్చు. అయితే ఇక్కడ కూడా వేళ చూడాలి. గోదావరిలో ఎత్తిపోయదగ్గ నీరు ప్రధానంగా జులై నుంచి అక్టోబరు దాకా వస్తుంది. అవి మబ్బు పట్టే నెలలు, సౌర ఫలకాల దిగుబడి తగ్గే నెలలు. వరద ఉన్న నాలుగు నెలల్లోనే తోడాలి కనుక పంపులు పగటి ఎండ కోసం ఆగలేవు, రాత్రింబవళ్లు నడవాలి. పగలు మాత్రమే తోడాలంటే పంపుల సంఖ్య, పైపుల అడ్డుకోత వైశాల్యం, కాలువల వెడల్పు రెండు మూడింతలు చేయాలి. ఏడాదిలో మిగతా కాలమంతా అవి ఖాళీగా ఉంటాయి. గాలిమరలు మాత్రం ఆ నెలల్లోనే బాగా తిరుగుతాయి, జలవిద్యుత్తూ అప్పుడే ఎక్కువ. కాబట్టి సరైన ప్రశ్న సౌరమా కాదా అన్నది కాదు. జులై నుంచి అక్టోబరు దాకా, గంటగంటకూ, గాలీ నీరూ ఎండా కలిసి ఎన్ని యూనిట్లు మిగులుస్తాయి, ఆ మిగులు ఎన్ని టీఎంసీలను ఎన్ని మీటర్లు ఎత్తగలదు అన్నది. రెండు రాష్ట్రాల లోడ్ డిస్పాచ్ కేంద్రాల్లో గంటల వారీ వివరాలు నమోదవుతూనే ఉంటాయి. వాటిని రిజర్వాయర్ల మట్టాల పట్టిక పక్కనే అచ్చువేస్తే ఈ లెక్క ఎవరైనా వేసి చూడవచ్చు.